తోడేలు బొరియలో తడి మన్ను

ఇంటికొచ్చిన చుట్టాలకు మా ఆయన నన్ను "తోడేళ్ల డాక్టర్" అని పరిచయం చేసేవారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఆయనతో పనిచేసేవాళ్లు, నేను రోజూ బోనులో దిగి తోడేలు మెడలు వంచే మనిషినని అనుకునేవాళ్లు. ఉన్న గౌరవాన్ని చేజేతులా పాడుచేసుకోవడం ఎందుకని నేనూ ఊరుకునేదాన్ని. అసలు సంగతేమిటంటే, ఉద్యోగకాలంలో నేను తోడేలు ముఖం చూసినదానికన్నా దాని మలం చూసిందే ఎక్కువ.

పొద్దున్నే డబ్బాల్లో వచ్చేది. చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి కాసేపు వదిలేస్తే పురుగుల గుడ్లు పైకి తేలతాయి. వాటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఏ పురుగు, ఏ మేరకు ఉందో చెప్పాలి. మధ్యాహ్నం అవే చేతులతో టిఫిన్ డబ్బా విప్పుకోవాలి. నేనెంత రుద్ది కడుక్కున్నా మా అత్తగారికి నమ్మకం కుదరక నాకు విడిగా ఒక సబ్బు పెట్టింది. ఆవిడ పోయి చాలాకాలమైంది, నేనూ రిటైరయ్యాను, ఆ సబ్బుపెట్టె మాత్రం ఇప్పటికీ విడిగానే ఉంది.

ఈమధ్య వన్యప్రాణి వైద్యమంటే పిల్లలకు మోజు పెరిగింది. తార్నాకలో మా వీధిలోనే ఇద్దరమ్మాయిలు ఈ చదువులో చేరి సలహా కోసం నా దగ్గరికొచ్చారు. పులిపిల్లకు పాలసీసా పడుతున్న డాక్టర్ల వీడియోలు ఫోన్లో చూపించి మురిసిపోయారు. వాళ్ల ముఖాలు చూసి నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. మింగిన మాట ఇక్కడ రాస్తున్నాను. ఉత్సాహం కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

గోడ కట్టాక

అడవిలో తోడేలుకు పురుగు ఉండదా అంటే, ఉంటుంది. ప్రతి తోడేలు కడుపులోనూ ఎంతో కొంత ఉంటుంది. కానీ తోడేలు ఒకచోట నిలవదు. ఈ పూట ఇక్కడ మలం వేస్తే రేపటికి ఏ గుట్ట అవతలో ఉంటుంది. మలంలోని గుడ్లు పిల్లపురుగులై మళ్లీ దాని కాళ్లకు అంటుకునేలోపు అది వెళ్లిపోతుంది. తినడం, తిరగడం, కొద్దిగా పురుగును మోయడం, అలా బతుకు సాగిపోతుంది.

మనం గోడ కట్టి అందులో పెట్టాక పొద్దున వేసిన మలాన్ని అది సాయంత్రం తొక్కుతుంది. తొక్కిన చోటే పడుకుంటుంది, పడుకున్న చోటే పిల్లల్ని పెడుతుంది. జైలుకెళ్లిన మనిషికి తిండి, నీడ దొరికినట్టు దీనికీ అన్నీ దొరుకుతాయి. దాంతోపాటు పురుగుకూ దొరుకుతాయి. "మా దగ్గర జంతువుకు ఏ లోటూ లేదు" అని చెప్పే అధికారిని చూసినప్పుడల్లా, అవునండీ పురుగుకూ లోటు లేదు, అనాలనిపించేది. అనలేదు. అనే తెగువ ఉంటే నా ఉద్యోగం ఇంకా ముందే అయిపోయేది.

గెలిచిన కథ ఒకటి చెప్పి ఆ పుణ్యం కట్టుకుంటాను. నేను పనిచేసిన విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో కొంతకాలం రేచుకుక్కల గుంపు ఉండేది. అడవిలో గుంపుగా వేటాడే ఎర్రకుక్కలు. వాటికి బద్దెపురుగులు ఎంత మందేసినా మళ్లీ వచ్చేవి. చూస్తే, విద్యానగర్ వైపు మాంసం దుకాణం నుంచి మేక పేగులు, ఊపిరితిత్తులు పచ్చివే తెచ్చి వేస్తున్నారు. వాటిలోనే పురుగు ఉంది. ఉడికించి పెట్టమన్నాను, పెట్టారు, తగ్గింది. చెప్పడం, వినడం, తగ్గడం. నా వృత్తిలో ఈ మూడూ ఒకే వరసలో జరగడం అదొక్కసారే.

మల్లి

మా విశ్వవిద్యాలయంలో ఒక మూలకు, హాస్టళ్లు దాటాక, జంతువుల ఆవరణ ఉండేది. బయటివాళ్లకు పెద్దగా తెలియదు. నక్కలు, గుంటనక్కలు, ఒక తోడేలు జంట. తోడేళ్ల సంఖ్య పెంచాలని, పుట్టిన పిల్లల్ని పెద్దయ్యాక వేరే ఆవరణలకు ఇవ్వాలని ఉద్దేశం. ఆ జంటలో ఆడదాని పేరు మల్లి.

పేరు పెట్టింది యాదయ్య. ఆవరణలో జంతువుల బాగోగులు చూసేవాడు. వ్యవసాయం గిట్టుబాటు కాక ఊరు వదిలి వచ్చి, లాలాగూడలో చిన్న గది తీసుకుని ఉండేవాడు. గొర్రెలకాపరులు ఎక్కడో తోడేలు బొరియ తవ్వేస్తే, అందులో బతికిన ఒక్క పిల్లను అటవీ సిబ్బంది బుట్టలో పెట్టి మా దగ్గరికి పంపారు. అప్పటికి దానికి కళ్లు కూడా సరిగా తెరుచుకోలేదు. యాదయ్య పాలసీసా పట్టి, చొక్కాలో పెట్టుకుని తిరిగి దాన్ని బతికించాడు. దానికి వయసొచ్చి మగతోడేలుతో జత కలిశాక కూడా, ఆయన కంచె దగ్గరికొస్తే చెవులు వెనక్కి పెట్టి కుక్కపిల్లలా తోక ఊపేది. నన్ను చూస్తే మాత్రం బొరియలోకి పోయేది. సూది పట్టుకున్నవాళ్లను తోడేలు మరిచిపోదు.

మల్లి పిల్లల్ని పెట్టాలి, ఆ పిల్లలు బతకాలి. ఈ కథలో ఉన్నదల్లా అంతే. బతకడానికి అడ్డు వచ్చింది కొంకిపురుగు.

నూలుపోగంత ఉంటుంది. పేగు గోడను కొరికి పట్టుకుని రక్తం తాగుతుంది. దాని పిల్లపురుగులు తడిగా, నీడగా ఉన్న మన్నులో వారాల తరబడి బతికి, జంతువు పాదాల చర్మంలోంచి లోపలికి దూరతాయి. ఎండకు ఎండిన గరుకు నేల మీద మాత్రం నిలవలేవు. ఇక్కడిదాకా ఏ విద్యార్థి అయినా అప్పజెప్తాడు. విద్యార్థి పరీక్షలో రాసి బయటికొచ్చి మరిచిపోయేది ఒకటుంది. లోపలికి వెళ్లినవాటిలో కొన్ని పేగుల్లోకి పోవు. పెద్ద జంతువు కండల్లో చేరి నిద్రపోతాయి. నెలల తరబడి గుడ్లు పెట్టవు, రక్తం తాగవు, ఏ పరీక్షకూ దొరకవు. ఆడజంతువు పిల్లల్ని పెట్టినప్పుడు మేలుకుని పాలలోకి చేరతాయి. పిల్లలు తాగే మొదటి రోజుల పాలతోనే లోపలికి దిగుతాయి. పిల్ల మలంలో గుడ్లు కనపడే నాటికి చాలాసార్లు పిల్లే ఉండదు.

పచ్చదనం

మా డైరెక్టర్ గారు కృష్ణా జిల్లా మనిషి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆవరణలన్నీ రాళ్లూ దుమ్మూ అయి ఎడారిలా ఉన్నాయని ఆయనకు బాధ. పచ్చిక పరిపించి, నీళ్లు చిమ్మే గొట్టాలు పెట్టించారు. చూడవచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు, ఫోటోలు దిగారు.

నేను వెళ్లి, "సార్, ఇవి మెట్ట తోడేళ్లు, రాళ్లల్లో పుట్టినవి. ఈ తడిలో పురుగు పెరుగుతుంది," అన్నాను.

"భలేవారండీ మీరు! పచ్చగా ఉంటే ఎవరికైనా కళ్లకు చల్లగా ఉంటుంది. జంతువుకు మాత్రం ఉండదా ఏవిటి?" అని నవ్వి టీ తెప్పించారు. ఆ టీ తాగి వచ్చేశాను.

ఇక వేసవిలో యాదయ్య సంగతి. ఒకరోజు పొద్దున వెళ్లేసరికి గొట్టం పట్టుకుని బొరియ ముందు, చుట్టూ నీళ్లు చల్లుతున్నాడు. తడి గోనెసంచులు లోపల పరిచాడు.

"ఏం చేస్తున్నవ్ యాదయ్యా?"

"సాన్పి జల్లుతున్న మేడం. ఎండ సంపుతున్నది. మనింట్ల పొద్దున మాపున వాకిట్ల నీళ్లు జల్లుకుంటలేమా? గిది నోరులేనిది, అడగలేదు గద."

"నువ్వు చల్లే నీళ్లతోనే పురుగు బతుకుతున్నది. తోడేలు ఎండకు చావదయ్యా, తడికి చస్తది."

"గట్లనా మేడం? సరే తియ్యుండ్రి, బందు జేస్త," అన్నాడు. నేనున్నంతసేపూ బందు చేశాడు. నేను వెనక్కి తిరిగి హాస్టళ్ల దాకా వచ్చానో లేదో, గొట్టంలోంచి నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. డైరెక్టర్‌ది పచ్చదనం మీద మోజు, ఈయనది జాలి. రెండింటి నుంచీ కారేది నీళ్లే. మోజుతో పోట్లాడటం ఎలాగో నాకు కొంత తెలుసు. జాలితో పోట్లాడటం ఏ కాలేజీలోనూ నేర్పలేదు.

తోడేళ్లు మన దగ్గర చలికాలంలో పిల్లల్ని పెడతాయి. ఎండాకాలంలో మల్లి కాళ్లలోంచి ఎక్కిన పురుగు ఆ చలికాలంలో పిల్లల నోళ్లలో దిగింది. పిల్లలన్నీ పోయాయి. కోసి చూస్తే కళేబరాల్లో రక్తమే లేదు, సుద్దలా ఉన్నాయి. పేగు నిండా పురుగులు. మరుసటి ఏడాది కూడా అంతే.

చస్తే ప్రకృతి

మామూలు ఇంటికుక్క అయితే పిల్లల్ని చేతిలోకి తీసుకుని పెదవి ఎత్తి చిగురు చూస్తాం. ఎర్రగా ఉంటే సరే, పాలిపోతే మందు. తోడేలు దగ్గర అది కుదరదు. పిల్లలున్న బొరియలో చెయ్యి పెడితే తల్లి పిల్లల్ని వదిలేయవచ్చు, చంపేయవచ్చు. అందుకని పుట్టకముందే తల్లికి మందు పెట్టాలి. కడుపుతో ఉన్నప్పటి నుంచి పిల్లలు పుట్టిన కొన్నాళ్లదాకా రోజూ మాంసంలో కలిపి పెడితే, కండల్లో నిద్రపోతున్న పురుగుల్లో చాలావరకు పాలలోకి చేరకముందే చస్తాయి. ఇంటికుక్కలకు చేసేదే. కొత్త విద్యేమీ కాదు.

మల్లి మూడోసారి కడుపుతో ఉందని తెలియగానే డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్లాను.

"చూడండి డాక్టరుగారూ," అన్నారాయన, "మొన్ననే గదండీ మీరు చెప్పారు, మల్లి మలంలో ఏ పురుగూ లేదని. మళ్లీ మీరే వచ్చి మందంటున్నారు. ఏం చెయ్యమంటారు నన్ను?"

"మలంలో కనపడదు సార్. కండల్లో ఉంటుంది."

"కనపడనిదానికి కడుపుతో ఉన్న జంతువుకు మందు పెడతామా? రేపు ఏవన్నా అయితే పైనుంచి ఫోను నాకొస్తుంది, మీకు రాదు."

"పెట్టకపోతే పిల్లలు చస్తాయి సార్. రెండేళ్ల నుంచి చస్తున్నాయి."

ఆయన మెల్లగా, "చస్తే ప్రకృతి అంటారండీ. మందిచ్చాక చస్తే డైరెక్టర్ అంటారు," అన్నారు.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే నా వృత్తి గురించి అంతకంటే నిజమైన మాట ఇంకెవరూ అనలేదు. ఈ దారిలోకి వస్తున్న పిల్లలు దీన్ని గోడ మీద రాసిపెట్టుకోవచ్చు. బోనులో జంతువు ఊరికే చస్తే ఎవరినీ ఎవరూ అడగరు. బతికించబోయినవాడినే అడుగుతారు. అందుకే చాలాచోట్ల డాక్టర్లు శవాలను శ్రద్ధగా కోస్తారు, బతికున్నవాటిని దూరం నుంచి చూస్తారు. మనిషిలో పిరికితనం ఉంటే దిద్దవచ్చు. ఉద్యోగమే పిరికితనం మీద కట్టి ఉంటే ఎవరేం చేయగలరు? నేను చేయలేకపోయాను.

చివరికి బేరం కుదిరింది. మందు వద్దు, కానీ మల్లిని కొత్తచోటికి మార్చవచ్చు. క్యాంపస్‌లోనే రాళ్లగుట్ట పక్కన పొడి నేల. ఇంతవరకు ఏ జంతువూ తిరగనిది. పచ్చిక లేదు, నీటిగొట్టం లేదు. కింద కంకర, పైన ఎండ. దీంతో పాలలోని పురుగు పోదని నాకు తెలుసు. కానీ మన్ను నుంచి వచ్చేదైనా ఆగుతుంది. రెండు వైపులా కొడుతున్న దెబ్బల్లో ఒకటి తగ్గితే ఒక్క పిల్లయినా నిలుస్తుందేమోనని ఆశపడ్డాను. ఆశ అనేది ఈ పనిలో మహా చెడ్డ జబ్బు.

కొత్త బొరియ

వానలు వెనకబట్టాక మల్లిని మార్చాం. మగతోడేలు రెండు రోజుల్లో కొత్త నేలకు అలవాటుపడింది. మల్లి పడలేదు. కట్టించిన బొరియ వైపు చూడనైనా చూడలేదు. కంచె వెంట అటూ ఇటూ తిరగడం, ఆరుబయట గోళ్లతో గీరడం. కడుపు కిందికి దిగుతోంది. ఇట్లాగే ఉంటే ఆరుబయట చలిలో పిల్లల్ని పెడుతుందని అందరికీ భయం పట్టుకుంది. యాదయ్య సరిగా అన్నం తినలేదు.

ఒకరోజు పొద్దున్నే ఆయన ఫోను చేశాడు. "మేడం, మల్లి లోపటికి పోయింది! హాయిగ పండుకున్నది!"

నేను తార్నాక నుంచి ఆటోలో పరుగున వెళ్లాను. నిజంగానే బొరియలో ముడుచుకుని పడుకుంది. "ఏం మంత్రమేసినవయ్యా?" అంటే, "మంత్రం లేదు గింత్రం లేదు, జర బుజ్జగించిన," అని నవ్వాడు. డైరెక్టర్ గారు కూడా వచ్చి చూసి, యాదయ్య భుజం తట్టారు. ఆ రోజు మేమంతా ఎంత సంతోషంగా ఉన్నామో.

పిల్లలు పుట్టాక, వాటి కూతలు వింటూ దూరం నుంచి బొరియ వైపు చూస్తుంటే తేడా కనిపించింది. చుట్టూ తెల్లటి కంకర. బొరియ నోటి దగ్గర మాత్రం నల్లటి మన్ను. మెత్తగా, తడిగా ఉంది.

"అదేంది యాదయ్యా?"

ఆయన దాచలేదు. దాచాల్సిన పని చేశానని ఆయన అనుకోలేదు. "పాత బొరియల మన్ను మేడం. సంచుల్ల తెచ్చి లోపట పరిచిన. మా ఊళ్ల బర్రెను కొనుక్కొస్తే పాత కొట్టంల గడ్డి, మన్ను ఇన్ని తెచ్చి ఏస్తం. తన వాసన తనకు తెలిస్తెనే నిమ్మలపడ్తది. లేకుంటె పాలు సుత చేపది. గిది గూడ గంతే. ఏసినంక పావుగంట గూడ పట్టలేదు, లోపటికి పోయింది."

పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అంటారు. ఏ మన్ను నుంచి తప్పించడానికి ఇన్నాళ్లూ పోరాడి చోటు మార్పించానో ఆ మన్నే సంచుల్లో వచ్చి మల్లి పొట్టకింద ఉంది. అరవడానికి నోరు తెరిచాను. ఆయన ముఖంలో ఇంకా ఆ సంతోషం అలాగే ఉంది. ఆ మన్ను లేకపోతే మల్లి లోపలికి పోయేదే కాదేమో, పిల్లలు చలికి పోయేవేమో. ఆయన చేసిన పనికి ఫలితం కళ్లముందు కనిపించింది, నేను చెప్పేది కంటికి కనపడని పురుగు. తెరిచిన నోరు మూసుకున్నాను. ఎలాగూ అప్పుడు తీయడానికి వీల్లేదు. తల్లి పిల్లలతో లోపల ఉంది.

ఇక చేయడానికి వినడం తప్ప ఏమీ లేదు. రోజూ పొద్దున్నా సాయంత్రం నేను, యాదయ్య కంచె అవతల నిలబడి పిల్లల కూతలు వినేవాళ్లం. మొదట్లో పాలకోసం కొట్లాడుకుంటూ గోలగోలగా ఉండేవి. తర్వాత సన్నబడ్డాయి. తర్వాత ఒకదాని గొంతు వినిపిస్తే మేలు అన్నట్టయింది. "కడుపునిండ తాగి పండుకున్నయి మేడం," అనేవాడు ఆయన. నేను "ఆఁ" అనేదాన్ని.

ఒక ఉదయం మల్లి ఒక పిల్లను నోట కరుచుకుని బయటికి వచ్చి కంకర మీద పెట్టింది. నాకింది, ముక్కుతో తోసింది, మళ్లీ నాకింది. పిల్ల కదల్లేదు. మల్లి మా వైపు చూసి లోపలికి వెళ్లి ఇంకొకదాన్ని తెచ్చి దాని పక్కన పెట్టింది.

అప్పుడు డైరెక్టర్ గారు, "ఇవ్వండి డాక్టరుగారూ, ఏ మందు కావాలంటే అది ఇవ్వండి," అన్నారు. చేతులు కాలాక ఆకులు. మల్లిని పక్క గదిలోకి మళ్లించి మిగిలినవాటిని బయటికి తీశాం. చిగుళ్లు కాగితంలా తెల్లగా ఉన్నాయి. రక్తం ఎక్కించాం, మందిచ్చాం, వేడి సీసాలు పెట్టాం. చివరిది యాదయ్య చొక్కాలోనే పోయింది. ఒకప్పుడు మల్లిని పెట్టుకుని తిరిగినట్టే దాన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. అది చనిపోయిన సంగతి ఆయనకు చెప్పాల్సి వచ్చింది.

నేను చదువుకున్నది

పిల్లల్ని కోసి చూసింది నేనే. ఇంత చిన్నవయసులో ఇన్ని పురుగులు పెద్దవై రక్తం తాగుతున్నాయంటే అవి పుట్టిన మొదటి రోజుల్లోనే లోపలికి వెళ్లి ఉండాలి. అంటే పాలతోనే. మన్ను నుంచి వచ్చినవి ఏవైనా ఉంటే అవి వాటికి తోడు. ఆ సంచులు తెచ్చినా తేకపోయినా ఆ పిల్లలు బతికేవి కావు. ఇది నా చదువు చెప్పిన మాట. దీంట్లో నాకు అనుమానం లేదు.

తర్వాత మల్లి మళ్లీ పిల్లల్ని పెట్టలేదు. మగతోడేలును వేరేచోటికి పంపేశారు. రాళ్లగుట్ట పక్కన కూడా ఎవరో పచ్చిక పరిపించారు. నేను రిటైరయిన రోజు దండ వేసి, తోడేలు బొమ్మ ఇచ్చారు. బొమ్మ తోడేలు పచ్చగడ్డి మీద నిలబడి ఉంది. ఆ బొమ్మను బీరువా మీద పెట్టాను, దించి చూడను. ఇన్నేళ్లు పనిచేసి నేను బతికించిన తోడేలు పిల్ల ఒక్కటి లేదు. మా వీధి అమ్మాయిలు అడిగితే ఇదే చెప్తాను. అయినా చేస్తామంటే చేయండి. చేయవద్దని మాత్రం నా నోటితో అనలేను, ఎవరో ఒకరు మలం చూడాలి కదా.

పిల్లలు పోయిన వారం తిరక్కముందే ఒక ఆదివారం యాదయ్య తార్నాకలో మా ఇంటికి వచ్చాడు. అంతకుముందెప్పుడూ రాలేదు. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టు మీద కూర్చున్నాడు. చాయ్ ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. ఆవరణలో పనిచేసేవాళ్లెవరో ఆయనకు చెప్పారట, మన్ను తేవడం తప్పని.

"మేడం, నిజం చెప్పుండ్రి. నేను తెచ్చిన మన్నుతోనే పోయినయా పిల్లలు?"

ఈ ఒక్కదానికి నా దగ్గర మంచి జవాబు ఉందని నాకు ఊపిరి వచ్చినట్టయింది. ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుని అంతా వివరంగా చెప్పాను. పురుగు ఎప్పుడో ఎండాకాలంలోనే మల్లి ఒంట్లోకి పోయిందని, కండల్లో పడుకుందని, పాలు తాగినప్పుడు పిల్లల కడుపులోకి దిగిందని. "నీ మన్నుతోటి కాదయ్యా. నువ్వు తేకున్నా పోయేవే. నీ తప్పేం లేదు, మనసుల పెట్టుకోకు."



"అంటే, దాని పాలతోనే పోయినయా మేడం?"

అవునన్నాను.

"గది వాటిని ఇడిసిపెట్టి ఒక్క గడియ ఇవతలికి రాలే. తిండికి గూడ రాలే. పాలియ్యనీకె అట్లనే పండుకున్నది. నేను చూసిన గద." గ్లాసు మెట్టు మీద పెట్టాడు. "వద్దు మేడం. మన్నే అని చెప్పుండ్రి. యాదయ్య మన్ను తెచ్చిండు, పిల్లలు పోయినయని చెప్పుండ్రి అందరికి. ఆ మాట నేను పడ్త. రోజూ దాని మొకం చూసి బువ్వ పెట్టాలె నేను."

నా ఉద్యోగమంతా కంటికి కనపడింది కనపడినట్టు చెప్పడమే. ఏ డైరెక్టర్ ముందూ, ఏ పరీక్షలోనూ లేనిది ఉందని అనలేదు.

"మన్నే యాదయ్యా," అన్నాను. "మన్నుతోనే పోయినయి."

ఆయన తలూపాడు. ఒక్క గుక్కలో చాయ్ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, "మల్లికి బువ్వ యాళ్ల అయితున్నది, పోత మేడం," అని లేచాడు.